చివరి పడవ ఎన్నింటికి?

"ఇంకా చాలా టైముంది టీచర్! చివరి పడవ ఆరున్నరకి," అంది ఫణిశ్రీ, అట్టముక్కకి జిగురు రాస్తూ.

కనకవల్లి టీచర్ కిటికీలోంచి బయటికి చూశారు. నవంబరు నెల. ఐదు దాటిందో లేదో ఎండ పలచబడిపోయింది.

"మసక పడుతున్నట్టుందే?"

"మబ్బేమోనండి. రేవులో బోర్డు రాసింది నేనే కదా!"

నిజమే. ఫణిశ్రీ వాళ్లది గోదావరి మధ్యలో ఉన్న లంక. అవతలి ఒడ్డున టీచర్ ఉండే ధవళేశ్వరం వెళ్లాలంటే జీవరాజు పడవే దిక్కు. జూన్‌లో ఫణిశ్రీ నాన్న వాచీ పెట్టుకుని రేవులో కూర్చుని టైము చూసింది. 'చివరి పడవ 6.30' అని రేకు మీద ఎర్ర పెయింటుతో రాసి కట్టింది. ఊరంతా మెచ్చుకుంది. ఏడో తరగతి పిల్లకి కాళ్లు నేల మీద ఆనుతాయా మరి!

టీచర్ రోజూ నాలుగున్నరకే వెళ్లిపోయేవారు. సైన్స్ ఫెయిర్ పని ఉందని ఈరోజే ఆగారు.

ఇద్దరూ రేవుకి వచ్చేసరికి ఐదూ నలభై. సూర్యుడు లేడు. పడవా లేదు. అప్పటికే అది నది మధ్యకి వెళ్లిపోయింది.

"జీవరాజు బాబాయ్! ఆగండి!" అని ఫణిశ్రీ గొంతు చించుకుంది.

"చీకటి పడిపోతోందమ్మా! ఇసక మేటలు కనపడవు. పొద్దున్నే వస్తాను!"

"మా ఇంట్లో చెప్పండి!" అని టీచర్ కేకేశారు.

"చెప్తానండీ!"

టీచర్ మెట్టు మీద కూలబడ్డారు. "మా విష్ణుకి మూడేళ్లు. నేను పక్కన లేకపోతే నిద్రపోడు," అన్నారు మెల్లగా.

ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఫణిశ్రీకి. ఆ రాత్రి టీచర్ ఫణిశ్రీ వాళ్లింట్లోనే ఉన్నారు. అన్నం సగమే తిన్నారు.

పొద్దున్నే ఇద్దరూ రేవుకి పరుగెత్తారు. పడవ మాత్రం తెల్లారాక, ఆరుంపావుకి గానీ రాలేదు.

"ఆరున్నర దాకా నడిపేవారు కదా బాబాయ్?" అంది ఫణిశ్రీ.

"నాకు వాచీ ఎక్కడిదమ్మా? పొద్దు గూకేలోపు ఆఖరి ట్రిప్పు వేసేస్తాను. వేసంకాలం పొద్దు చాలాసేపు ఉంటది. చలికాలం తొందరగా దిగిపోద్ది."

ఫణిశ్రీ నాలుక కరుచుకుంది. వేసవిలో పగలు ఎక్కువ, చలికాలంలో తక్కువ. ఈ జవాబుకే క్వార్టర్లీ పరీక్షల్లో ఫుల్ మార్కులు వచ్చాయి!

"తప్పు నాదేనండి టీచర్."

"మసక పడుతోందని నాకూ తెలుస్తూనే ఉంది. అయినా బోర్డునే నమ్మాను," అన్నారు టీచర్, పడవెక్కుతూ. "బోర్డు తీసేస్తావా?"

"తీయనండి."

సాయంత్రం ఫణిశ్రీ ఇటుక ముక్కతో 6.30ని గీకి చెరిపేసింది. ఆ చోట నల్ల పెయింటు పూసింది. నాన్న వాచీ పెట్టుకుని రేవులో నిలబడింది. జీవరాజు చివరి ట్రిప్పుకి తెడ్డు పట్టగానే టైము చూసి, ఆరిన నలుపు మీద సుద్దముక్కతో 5.20 అని రాసింది.

"పెయింటుతో రాస్తే వానకి పోదు కదమ్మా?" అన్నాడు జీవరాజు.

"వద్దు బాబాయ్. ప్రతి ఆదివారం వచ్చి మార్చాలి."

మర్నాడు అరటి గెలలు మోసుకొచ్చిన ఒకాయన, "చివరి పడవ ఎన్నింటికి పాపా?" అని అడిగాడు.

ఫణిశ్రీ ముందు పడమటి వైపు చూసింది. తర్వాత బోర్డు చూసింది.

"ఐదూ ఇరవైకండి. ఈ వారం వరకే."