పైకప్పు మీది జెండా

కారవాన్ తలుపు తెరిచిన విజయదుర్గకు ముందు కనిపించింది ఆరిపోయిన జామర్ లైటు, దాని కింద కుర్చీలోనే ఒరిగిపోయిన ఏజెంట్ సతీష్ శవం.

ముఖం ఎర్రబారి ఉంది. జనరేటర్ పొగ పీల్చి పోయినవాడి రంగు అది.

బయట దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద సకల జనుల సమ్మె ర్యాలీ కదులుతోంది. దారిలో ఎక్కడో రిమోట్ బాంబు ఉంది. జనం చౌరస్తా చేరగానే పేల్చి, ఊరిని తగలబెట్టాలని ఓ విదేశీ ముఠా ప్లాన్. ఆ రిమోట్‌ను పనిచేయనివ్వకుండా ఇంతదాకా ఆపింది హీరోయిన్ మేకప్ వ్యాన్ వేషంలో సందులో నిలబడ్డ ఈ కారవాన్‌లోని జామరే. కరెంటు కోతలతో ఈ బండికి పని లేదు. పైన సోలార్ ప్యానెళ్లు, కింద బ్యాటరీలు, అవీ చాలకపోతే జనరేటర్.

ఇయర్‌పీస్‌లో చీఫ్ శ్రీరామమూర్తి అడిగాడు. "మేకప్ ఎలా ఉంది?"

"చెరిగిపోయింది సర్. ఆర్టిస్టు కూడా పోయాడు."

"బాంబు దొరికేదాకా మళ్లీ వెయ్యి."

కారవాన్ పవర్ చూసే బాలమల్లు ఏడుస్తూ వచ్చాడు. ప్యానెళ్ల మీద పరిచిన గులాబీ బ్యానర్ సంగతి అడిగితే, ఉద్యమం జెండా చూస్తే ఎవరూ రాళ్లు వెయ్యరని తనే కట్టానన్నాడు. ఎండ తగలక బ్యాటరీలు దిగిపోయి సతీష్ జనరేటర్ వేసుకున్నాడట, పొగ ఎట్నుంచో లోపలికి వచ్చిందట.

"మీరు ఆంధ్రోళ్లు మేడం, గీ సంగతులు మీకు తెల్వయి. జెండా లేకుంటే బండి పోనియ్యరు."

విజయదుర్గ తలూపింది. ఆమె పుట్టి పెరిగింది గడ్డిఅన్నారంలో. బంద్ వచ్చిన ప్రతిసారీ తన కారుకూ జెండా కట్టింది. బానెట్‌కి, ఎదురొచ్చేవాళ్లకి కనిపించేలా. పైకప్పు మీద పరిచిన జెండా కనిపించేది సూర్యుడొక్కడికే.

వంగి చూసింది. జనరేటర్ పొగ గొట్టం నేల కన్నంలోకి దూర్చి ఉంది. దాన్ని అలాగే వదిలేసింది.

లోపలికెళ్లి జామర్ స్విచ్ వెయ్యమని బాలమల్లును పంపింది. వాడు ఎక్కగానే బయట గడియ పెట్టి జనరేటర్ స్టార్ట్ చేసింది. జామర్ పచ్చ లైటు వెలిగింది. అప్పుడే జనం చౌరస్తా చేరారు. ఏమీ పేలలేదు.

వాడు శవాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరకొచ్చాడు. "మేడం, ఆపుండ్రి. చస్త."

"ఆపితే జామరూ ఆగుతుంది. జనం దాటనీ, గంట పడుతుందేమో. బాంబు ఎక్కడుందో తెలిస్తే మాత్రం జామర్‌తో పనేముంది?"

దగ్గుతూనే చెప్పాడు. చౌరస్తాలో స్టేజీ పక్కన బత్తాయిల బండి, అడుగు బుట్ట. ఆమె ఆ మాట చీఫ్‌కు చేరవేసింది. కాసేపటికి జవాబొచ్చింది. బాంబు వైరు తెగింది.

విజయదుర్గ చెయ్యి జనరేటర్ స్విచ్ మీద ఉంది. నొక్కలేదు. "సతీష్?"

"నేనే మేడం. బ్యానర్ కప్పిన, గొట్టం లోపటికి తిప్పిన, పాణం పోయినంక జనరేటర్ బంద్ జేసిన. గీ కిటికీ కాడికే ఒచ్చి, 'అన్నా, తల తిరుగుతుంది, జర జనరేటర్ ఆపు' అన్నడు. కుర్చీల కూసో తమ్మీ, గదే తగ్గుతది అన్న. నా మాట ఇని కూసున్నడు."