ఒరిగిన ప్రశ్న

ఆ అమ్మాయి నా టేబుల్ ముందు కూర్చోగానే చేసిన మొదటి పని, నా చేతిలో పెన్ను తీసి పక్కన పెట్టడం.

"పెన్ను వద్దండీ. పెన్సిల్‌తో రాద్దాం. తప్పయితే చెరుపుకోవచ్చు," అంది.

"కోర్సుల ప్లానే కదండీ, ఉరిశిక్ష కాదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "తప్పు కోర్సు తీసుకుంటే మూడేళ్లూ శిక్షే కదా సర్?"

"సర్ అనకండి. నేనూ స్టూడెంట్‌నే, మూడో సంవత్సరం."

"మరి నాకేది మంచిదో మీకెలా తెలుస్తుంది?"

మంచి ప్రశ్నే. నాకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకి కోర్సులు ఎంచుకోవడంలో సాయం చేసే ఆఫీసు మాది. నాలాంటి సీనియర్లు కొందరం, మా పైన మేడమ్. పేరుకి సలహా కేంద్రమేగానీ ఇందులో సలహా ఇవ్వడం నిషేధం. అడగాలి, అంతే. ఏమంటే ఇష్టం, ఏమంటే భయం, ఎలాంటి పని చేస్తూ బతకాలనుంది అని అడుగుతూ పోతే, ఎవరిది వాళ్లే తేల్చుకుంటారని మేడమ్ నమ్మకం.

"మీ ప్రశ్న నిటారుగా ఉండాలి," అని ట్రైనింగ్ రోజే చెప్పారు. "ఒక పక్కకి ఒరిగిందంటే అది ప్రశ్న కాదు, తోపుడు."

ప్రశ్నలు ఒరగడమేమిటని అప్పుడు వెనక బెంచీలో కూర్చుని నవ్వుకున్నాను. నా నవ్వు నాకే తగిలింది.

పెన్సిలమ్మాయి ముందు రెండు దారులున్నాయి. ఒకటి అకౌంట్స్. అది వాళ్లక్క మాట. అక్క పెద్ద ఆడిటర్. అమ్మానాన్న లేని చెల్లెల్ని తనే పెంచి, తన ఆఫీసులో తన పక్క కుర్చీ కూడా చూపించేసింది. రెండోది వాతావరణ శాస్త్రం. అది ఈ అమ్మాయి మాట, కాకపోతే పైకి అనడానికి నోరు రాదు. అకౌంట్స్ క్లాసులు మా ఆఫీసు పై అంతస్తులోనే. వాతావరణ శాస్త్రం మాత్రం ఊరికి ఆ చివర, ఇంకో క్యాంపస్‌లో. రెండు బస్సులు మారాలి.

"రెండింట్లో ఏది తీసుకోమంటారు?" అంది.

"మీకేది ఇష్టం?"

"మీరు చెప్పండి."

"నేను చెప్పకూడదు."

"చెప్పరు, సర్ అననివ్వరు. మరి ఇక్కడ ఎందుకు కూర్చున్నారండీ?"

అంటూనే ఆమె కిటికీలోంచి పైకి చూసింది. మాటలో అప్పటిదాకా ఉన్న సందేహం పోయింది. "గొడుగు తెచ్చుకున్నారా? సాయంత్రం వాన పడుతుంది. ఆ పక్కన మబ్బు అడుగు చూడండి, గీత గీసినట్టు చదునుగా ఉంది. పైన మాత్రం పొంగుతోంది."

నాకు మబ్బు కనిపించలేదు. మబ్బుని చూస్తున్న మొహం కనిపించింది.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర నిలువునా తడిశాను. మర్నాడు తుమ్ముకుంటూ కూర్చుంటే, అటుగా వెళ్తూ జలుబు మాత్రల అట్ట ఒకటి టేబుల్ మీద పెట్టింది.

"నేను చెప్పొచ్చు. నాకు రూల్ లేదు," అంది. ఈసారి నవ్వింది. నా పని అయిపోయింది.

తర్వాతి అపాయింట్‌మెంట్ రోజున చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అమ్మ అనుమానంగా చూసి, "ఇవాళ పరీక్షేమైనా ఉందిరా?" అంది. దాదాపు అంతే అన్నాను.

పరీక్షే అయింది. ఫెయిలయ్యాను కూడా.

ఆ రోజు ఆమె ముందే వచ్చింది. కాగితం మీద మొదటి గడిలో పెన్సిల్ ఆనించి, "అడగండి," అంది. అడిగాను. ఏం చదువుతుంటే టైమ్ తెలియదు? ఏం తెలియకపోతే నిద్ర పట్టదు? ప్రతిదానికీ జవాబు ఆకాశం వైపే వెళ్లింది. చివరికి తనే, "అయితే వాతావరణ శాస్త్రమే రాసెయ్యనా?" అంది.

పై అంతస్తు మెట్లు, నా పక్కనున్న కిటికీ, 'గొడుగు తెచ్చుకున్నారా' అన్న మాట, అన్నీ ఊరి ఆ చివరికి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"రోజూ రెండు బస్సులు కదా, అసలు చదువుకోవడానికి ఓపిక మిగులుతుందంటారా?"

ఆమె చెయ్యి ఆగింది. రాసిన అక్షరాన్ని చెరిపింది. చెరిపినచోటే మళ్లీ చెరిపింది, కాగితం చిరిగేదాకా. "నిజమే. అక్కా ఇదే అంటుంది," అని చిరుగు పక్కన చిన్న అక్షరాలతో అకౌంట్స్ అని రాసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

థాంక్స్ చెప్పింది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బస్సులో వెళ్లేది ఆమె. బస్సు గురించి భయపడింది నేను. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కంప్యూటర్‌లో కోర్సుల నమోదు మూసేస్తారు. ఆ తర్వాత ఏడాదిదాకా కోర్సు మార్చుకునే వీల్లేదు.

వెంటనే మేడమ్ గదిలోకి వెళ్లాను. "మేడమ్, ఆ అమ్మాయిని వేరే ఎవరికైనా ఇచ్చెయ్యండి."

"ఏం?"

"నా ప్రశ్న ఒరిగింది."

"ఎటు?"

మేడమ్ నా మొహం చూశారు, ఇస్త్రీ చొక్కా చూశారు. "సరే, మారుస్తాను. కానీ ఒరిగినదాన్ని నిలబెట్టాల్సింది నువ్వే. అది ఇంకొకరి చేత కాదు."

ఎలా నిలబెట్టాలి? ఎందుకు ఒరిగిందో చెప్పాలి. చెప్పడమంటే మొత్తం చెప్పేసుకోవడమే. గురువారమంతా ఆ మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. వరండాలో ఆమె ఎదురైంది. నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ సమయానికి రాలేదు.

"నన్ను వేరేవాళ్లకి మార్పించారట."

"అవునండీ, అది..."

"విసిగిస్తున్నానని చెప్పొచ్చు కదా. మా అక్కకి అలవాటే, నాకూ అలవాటే. మీరు మాత్రం విసుక్కోరనుకున్నాను."

"అయ్యో, విసుగు కాదండీ!"

"మరేంటి?"

చుట్టూ జనం. ఆమె ఒక్క క్షణం ఆగి చూసి, తల దించుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అమ్మ, "పరీక్ష పోయిందా?" అని మెల్లగా అడిగింది.

శుక్రవారం ఆఫీసు కిటకిటలాడిపోయింది. ఎవరు తలుపు తోసినా నా తల లేచింది. నాలుగు దాటింది, ఆమె రాలేదు. నాలుగున్నర దాటాక వచ్చింది, వెంట వాళ్లక్క. ఆవిడ కళ్లజోడులోంచి గది మొత్తాన్ని ఒకసారి తనిఖీ చేసి నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"మా చిన్నీ కోర్సు చూసింది నువ్వే కదా తమ్ముడూ? బస్సుల గొడవ అర్థమయ్యేలా చెప్పావట. నేను నెల్లాళ్లుగా మొత్తుకున్నా ఎక్కలేదు. మంచి పని చేశావు తమ్ముడూ."

ఒకే ఊపిరిలో రెండుసార్లు తమ్ముడూ అన్నారు. ఉన్న కాస్త ఆశా అక్కడే నీరుగారిపోయింది. అదీ ఒకందుకు మంచిదేనేమో, పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. లేచి నిలబడ్డాను.

"మంచి పని కాదండీ. ఆ ప్రశ్న నేను అడగకూడదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

చిన్నీ తలెత్తింది. "ఎందుకు?"

"అది మీకోసం అడిగింది కాదు. నాకోసం అడిగాను. మీరు అంత దూరం వెళ్లిపోతారని భయమేసింది. ఈ బిల్డింగ్‌లోనే ఉంటే రోజూ కనిపిస్తారనుకున్నాను. అందుకే నన్ను మార్చమని మేడమ్‌ని అడిగాను. మీరంటే విసుగొచ్చి కాదు."

పక్క టేబుల్ దగ్గర మాటలు ఆగిపోయాయి. చిన్నీ బుగ్గలు ఎర్రబడ్డాయి. వాళ్లక్క మాత్రం కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. నిదానంగా తుడుస్తూనే ఉన్నారు. గోడ గడియారం మాత్రం ఎవరికోసమూ ఆగడం లేదు.

"మార్చమని ఎప్పుడు అడిగావు?" అన్నారు చివరికి.

"ఆ ప్రశ్న అడిగిన వెంటనే. అదే రోజండీ."

"మా పనిలో, తనకి లాభం ఉన్నచోట లెక్క తనిఖీ చెయ్యకూడదు. తప్పుకోవాలి. దాచుకుని సంతకం పెట్టేసినవాళ్లనే ఎక్కువమందిని చూశాను." కళ్లజోడు పెట్టుకుని చెల్లెలి వైపు తిరిగారు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతు ఆడిటర్‌ది కాదు. "చిన్నీ, ఆ లెక్కన నేనూ తప్పుకోవాల్సిందే. నువ్వు నా పక్క కుర్చీలో ఉండాలని నాకు ఆశ. అది నీ ఇష్టమేనని ఇన్నాళ్లూ నన్ను నేనే నమ్మించుకున్నాను. ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి?"

చిన్నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాచింది.

"పెన్ను ఇస్తారా?"

జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాను. మొదటి గడిలో వాతావరణ శాస్త్రం అని రాసింది, కొట్టివేతలు లేకుండా. పక్క టేబుల్ అమ్మాయి కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి ఐదుకి ఇంకా కాస్త టైమ్ ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి వాళ్లక్క నా వైపు చూశారు. "చూడబ్బాయ్, ఆ క్యాంపస్ దారిలో రోడ్లు బాగుండవు. వెళ్తే గిళ్తే బస్సులోనే వెళ్లు, సైకిల్ మీద కాదు."

తమ్ముడూ పోయింది, అబ్బాయ్ వచ్చింది. నాకది అర్థమయ్యేలోపే చిన్నీకి అర్థమైనట్టుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇప్పుడు నేను అడగొచ్చా?" అంది.

"అడగండి."

"సోమవారం సాయంత్రం ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?"

ప్రశ్న పూర్తిగా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. మేడమ్ తన గది గుమ్మంలో నిలబడి వింటున్నారు కూడా. ఏమీ అనలేదు.

"మీ క్యాంపస్ బస్‌స్టాప్‌లో," అన్నాను.

"గొడుగు తెచ్చుకోండి. వాన పడుతుంది."

సోమవారం రెండు బస్సులు మారి వెళ్లాను. నిజంగానే దూరం. దారంతా గొడుగు పిడిని పట్టుకుని, వస్తుందా, మనసు మార్చుకుందేమో అనుకుంటూ కూర్చున్నాను. దిగేసరికి ఆమె స్టాపులో నిలబడి ఉంది, ఆకాశాన్ని కోపంగా చూస్తూ. పైన వెతికినా మబ్బు తునక లేదు.

"వాన ఏదండీ?" అన్నాను.

"మొదటి సంవత్సరమే కదా. ఇంకా నేర్చుకోవాలి," అని నా చేతిలో గొడుగు అందుకుని, ఆ ఎండలోనే ఇద్దరికీ పట్టింది.