నాన్న చిటికెన వేలు

స్కూలు బ్యాగు ఇంకా వీపు మీదే ఉంది. బూటు ఒక కాలికే విప్పింది. జల్లు అప్పుడే అద్దం ముందు నిలబడి, నాన్న బేకరీ టోపీ నెత్తిన పెట్టుకుని, నల్ల స్కెచ్ పెన్నుతో మూతి మీద మీసం దిద్దుకుంటోంది.

జల్లు అసలు పేరు కాదు. చీటికీ మాటికీ కళ్ళనీళ్ళు పెట్టుకునే కూతురికి అమ్మ పెట్టిన ముద్దుపేరు. అమ్మ ఉద్యోగమే వానలూ గాలులూ చూడటం. ఒడ్డు నుంచి పడవలో రెండు రోజులు వెళితే ఒక చిన్న దీవి వస్తుంది. అక్కడి వాతావరణ కేంద్రంలో అమ్మ రోజూ రెండుసార్లు పెద్ద బెలూను ఎగరేసి, గాలి సంగతి కనిపెట్టి, చేపల పడవల వాళ్ళకి రేడియోలో చెబుతుంది.

వెళ్ళి ఏడు నెలలైంది. ఈ శనివారం అక్కడ పడవెక్కితే సోమవారానికి ఇంట్లో ఉంటుంది. ఎదురుచూసి ఎదురుచూసి జల్లుకి కళ్ళు కాయలు కాశాయి. అమ్మ దిండు గలీబు ఉతకనివ్వకుండా దాచుకుంది. మొదట్లో అందులో అమ్మ తలనూనె వాసన వచ్చేది. ఇప్పుడు ఎంత పీల్చినా గుడ్డ వాసనే వస్తోంది.

ఆ దీవికి ఫోన్లు కలవవు. వారానికి ఒక్కసారి, గురువారం, ఇంటికి మెసేజీ పంపే వంతు అమ్మకి వస్తుంది. ఇంటి నుంచి జవాబు మాత్రం ఎప్పుడైనా పంపొచ్చు. ఆ మెసేజీలు నాన్న ఫోనులో 'మాటల పెట్టె' అనే యాప్‌లోకి వచ్చి చేరతాయి. బెలూను బొమ్మ ఉన్నవి ఇద్దరికీ. ఆదివారం నాన్నకి సెలవు కాబట్టి అప్పుడు ఇద్దరూ కలిసి వింటారు. తాళం బొమ్మ ఉన్నవి నాన్నకి మాత్రమే.

ఇవాళ గురువారం. బెలూను లేదు. తాళం ఒక్కటే వచ్చింది.

'అమ్మ బట్టలు సర్దుకుందో లేదో వింటానంతే. కొంచెమే వింటాను' అనుకుంది జల్లు. మనలో మాట, తప్పు చేసే ముందు ఎవరైనా కొంచెమే అనుకుంటారు.

పెట్టె తెరవాలంటే ముందు కెమెరాకి ముఖం చూపించాలి. అది వయసు అంచనా కడుతుంది. పదమూడేళ్ళు నిండనివాళ్ళకి తెరుచుకోదు. మామూలు ముఖం చూపిస్తే తెర మీద, "సుమారు తొమ్మిదేళ్ళు" అని వచ్చింది. పదేళ్ళ నాలుగు నెలల మనిషిని పట్టుకుని తొమ్మిదేళ్ళంటుందా అని జల్లుకి ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే ఈ టోపీ, ఈ మీసం.

మీసం పూర్తయ్యాక ఛాతీ విరిచి మళ్ళీ చూపించింది.

"సుమారు ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళ వేలు పెట్టండి" అంది ఫోను.

పెద్దవాళ్ళు అంటే నాన్నే. నాన్న తెల్లవారకముందే బేకరీకి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి, ఐదింటిదాకా నిద్రపోతాడు. ఆ నిద్రని ఎవరూ చెడగొట్టకూడదన్నది ఇంటి రూలు. ఇరవై ఏళ్ళుగా వేడి వేడి రొట్టెల ట్రేలు పట్టుకుని నాన్న వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర పెట్టమంటే ఫోను ఏ వేలినీ గుర్తుపట్టదు, ఎడమ చేతి చిటికెన వేలిని తప్ప. ట్రే ఎత్తేటప్పుడు నాన్న ఆ వేలిని మాత్రం దూరంగా చాచి ఉంచుతాడు. అందుకే అది బతికిపోయింది. ఈ సంగతి అమ్మకీ, నాన్నకీ, జల్లుకీ తప్ప ఎవరికీ తెలియదు.

నాన్న బోర్లా పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మంచం మీద నుంచి కిందికి వేలాడుతోంది. జల్లు పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్ళి, మెల్లగా ఆ చిటికెన వేలిని ఫోనుకి ఆనించింది. పెట్టె తెరుచుకుంది.

వంటగదిలో మూల కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంది.

"ఏమండీ, జల్లు పక్కన లేదు కదా" అంది అమ్మ గొంతు. "నా బదులు రావాల్సినతను కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలదాకా రాలేడట. నేనూ వచ్చేస్తే ఇక్కడ మా పెద్దాయన ఒక్కరే మిగులుతారు. గాలుల కాలం, ఆయన ఒక్కరివల్లా కాదు. ఉండమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. మీరు సరేనంటే ఉంటాను. రేపు సాయంత్రం ఆరులోపు మీ మాట రాకపోతే, వద్దన్నారని అర్థం చేసుకుని పడవెక్కేస్తాను."

వెనకాల గాలి హోరు వినిపిస్తోంది.

"జల్లుకి నేనే చెప్తాను. ఇప్పుడు కాదు. దాని పేరెత్తితేనే ఏడుపొస్తోంది. దాని ముందు ఏడవకూడదని మీ దగ్గర ఏడుస్తున్నాను."

అమ్మ నిజంగానే ఏడ్చింది. అమ్మ ఏడుపు జల్లు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఫోను పక్కన పెట్టెయ్యాలనిపించింది. చెయ్యి రాలేదు.

మెసేజీ అయిపోయింది. తాళం బొమ్మ ఒకసారి మినుకుమని మాయమైంది. "విన్నారు. తాళం మెసేజీ ఒక్కసారే వినపడుతుంది" అని తెర మీద వచ్చింది. ఫోను ఎవరి చేతిలోనైనా పడితే ఇంటి గుట్టు బయటికి పోకూడదని అమ్మ ఆఫీసు వాళ్ళు చేసిన ఏర్పాటది. జల్లు ఎక్కడెక్కడ నొక్కినా అమ్మ గొంతు తిరిగి రాలేదు.

ముందు జల్లుకి భయమేసింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. నాన్నకి తెలియకపోతే నాన్న జవాబు పంపడు. జవాబు రాకపోతే అమ్మ పడవెక్కేస్తుంది. తను ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు, సోమవారం అమ్మ వచ్చేస్తుంది.

ఐదింటికి నాన్న లేచాడు. ముఖం కడుక్కుని, తుడుచుకోకుండానే ఫోను తీసి చిటికెన వేలు పెట్టాడు.

"ఏమీ రాలేదే" అన్నాడు.

జల్లు హోంవర్కు పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నీ మూతి మీద ఆ నలుపేంటే?"

"స్కెచ్ పెన్ను" అంది జల్లు, అరచేత్తో గబగబా తుడుచుకుంటూ. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే ఉంది తన పని అని తనకే తెలుస్తోంది.

"అక్కడ ఆకాశం బాలేదేమో. పోన్లే, సోమవారం మనిషే వస్తోందిగా" అన్నాడు నాన్న. అన్నాడే కానీ, అన్నం తినే లోపల మూడుసార్లు పెట్టె తెరిచి చూశాడు. ఆఖరికి ఎప్పటిదో పాత బెలూను మెసేజీ పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. అందులో అమ్మ పక్షుల గురించి చెబుతుంది, అంతే. నాన్న దాన్ని రెండుసార్లు విన్నాడు.

జల్లుకి అన్నం దిగలేదు. దొంగకి తేలు కుట్టినట్టుంది. నొప్పి ఉంది, చెప్పుకునే దారి లేదు.

మర్నాడు స్కూల్లో పక్క సీటు పిల్ల, ఒకచోట నిలవకుండా గిరగిరా తిరుగుతుంది కాబట్టి అందరూ బొంగరం అని పిలిచే పిల్ల, జల్లు భుజం మీద తట్టింది.

"మొన్న మంగళవారం గాలి చూశావా? మన స్కూలు బోర్డే ఊడి పడింది. మా నాన్న ఆ పొద్దున వేటకి వెళ్ళాలని వలలు కూడా సర్దుకున్నాడు తెలుసా."

"వెళ్ళాడా?"

"లేదు. రేడియోలో బెలూనమ్మ వద్దంది."

"బెలూనమ్మ ఎవరు?"

"మీ అమ్మేనే పిచ్చిమొహమా. పేరు తెలీదుగా, మావాళ్ళు అలాగే అంటారు. నేనున్నాను, చూస్తున్నాను, వెళ్ళొద్దు అంటుందట. మా నాన్న ఇంకెవరు చెప్పినా వినడు. మా అమ్మ మాటయితే అసలే వినడు" అని బొంగరం పకపకా నవ్వింది.

జల్లుకి ముందు కుళ్ళుబోతుతనం పుట్టింది. ఊళ్ళో పడవలున్న వాళ్ళందరూ తమ రేడియోల్లో రోజూ అమ్మ గొంతు వింటున్నారు, తనకి మాత్రం వారానికి ఒక్కసారి. ఆ తర్వాత ఇంకో సంగతి తట్టింది. సోమవారం అమ్మ ఇంట్లో ఉంటే, మంగళవారం మళ్ళీ అలాంటి గాలి వస్తే, నేనున్నానని రేడియోలో ఎవరంటారు?

బొంగరం ఏదో అడుగుతోంది. జల్లు వినలేదు. ఆఖరి పీరియడ్ దాకా గడియారమే చూసింది.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. నాన్న అలాగే బోర్లా పడుకుని ఉన్నాడు. చెయ్యి అలాగే వేలాడుతోంది. జల్లు మంచం పక్కన నిలబడింది. చెప్పకపోతే అమ్మ వస్తుంది. చెబితే రెండు నెలలు రాదు. గడియారం ముల్లు కదులుతూనే ఉంది.

"నాన్నా" అంది.

నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది? ఎక్కడైనా పడ్డావా?"

జల్లు మొత్తం చెప్పింది. టోపీ, మీసం, చిటికెన వేలు. అమ్మ చెప్పినదంతా ఒక్క మాట పోకుండా అప్పజెప్పింది. 'దాని ముందు ఏడవకూడదని మీ దగ్గర ఏడుస్తున్నాను' అన్న దగ్గర మాత్రం రెండుసార్లు ఆగిపోయింది.

నాన్న అరవలేదు. తన ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ చిటికెన వేలి వంకే చూస్తూ కూర్చున్నాడు.

"వేలెడంత లేవు. వేలు తీసుకెళ్ళి ఎంత పని చేశావే" అన్నాడు చివరికి. "నేను విన్నానని అమ్మకి అక్కడ కనిపిస్తుంది. నిన్నటి నుంచీ, విని కూడా నేను నోరు విప్పలేదనుకుంటూ ఉంటుంది. ఒంటరిగా."

ఆ సంగతి జల్లుకి తట్టనే లేదు. తిడితే బాగుండుననిపించింది.

"అమ్మ గొంతు ఎలా ఉంది?" అని అడిగాడు నాన్న.

"జలుబు చేసినట్టుంది."

"గాలి వినపడిందా వెనకాల?"

"వినపడింది."

నాన్న తల ఊపాడు. ఆ గొంతు వినాలని నాన్నకి కూడా ఉంటుందని, నాన్న వాటా కూడా తనే వినేసిందని జల్లుకి అప్పుడు అర్థమైంది. ఎక్కెక్కిపడి ఏడ్చింది. నాన్న దగ్గరికి తీసుకున్నాడు. చొక్కా రొట్టెల వాసన వేసింది.

"ఉండమని చెప్తావా నాన్నా?"

"చెప్పాలి కదా. అమ్మ రావాలని నాకూ ఉందే. కానీ చెప్పాలి."

"నేనూ మాట్లాడనా?"

ఐదూ ఇరవైకి నాన్న పెట్టె తెరిచాడు. ముందు తనే మాట్లాడాడు. "నువ్వు ఉండు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం" అని రెండే మాటలు చెప్పి, ఫోను కూతురి చేతికిచ్చాడు.

"అమ్మా, నిన్న విన్నది నేను" అంది జల్లు. "నాన్న నిద్రపోతుంటే నాన్న వేలు పెట్టాను. నాన్న అసలు వినలేదు. తెలిస్తే వెంటనే చెప్పేవాడు. నువ్వు ఉండు. బొంగరం వాళ్ళ నాన్న నీ మాటే వింటాడట." ఫోను ఇంకో చేతికి మార్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. "వచ్చే గురువారం ఆ మెసేజీ నాన్నకి మళ్ళీ చెప్పు. ఏడవాలంటే ఏడువు. నేను వినను."

సోమవారం వచ్చింది. అమ్మ రాలేదు. జల్లు స్కూలు నుంచి రాగానే అలవాటు కొద్దీ తలుపు వెనక చెప్పులు చూసింది. నాన్నవీ తనవీ ఉన్నాయి.

గురువారం నాలుగింటికి ఫోను చిన్నగా మోగింది. జల్లు బ్యాగు దించి చూసింది. బెలూను ఒకటి, తాళం ఒకటి వచ్చాయి. పక్కన నాన్న బోర్లా పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మంచం మీద నుంచి కిందికి వేలాడుతోంది, చిటికెన వేలు నేలకి అందీ అందనట్టుగా.

జల్లు వంగి ఆ చెయ్యి పట్టుకుంది. నెమ్మదిగా ఎత్తి, మంచం మీద పెట్టి, పైన దుప్పటి కప్పింది. ఫోను బోర్లించి దిండు పక్కన ఉంచింది. అమ్మ గలీబు చంకన పెట్టుకుని, వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

ఐదింటికి లోపల మంచం కిర్రుమంది. కాసేపటికి అమ్మ గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. జల్లు లేచి, వెనక్కి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ వెళ్ళి అన్నిటికన్నా కింది మెట్టు మీద కూర్చుంది.