ఎర్ర ముక్క వచ్చే అవకాశం

బోరు వేయించాలన్నా, కూతురికి సంబంధం ఖాయం చేయాలన్నా పిచ్చయ్య గారు పూజ గదిలోని పేక తెచ్చి ఒక ముక్క తీయించేవారు. ఎరుపు వస్తే సరే, నలుపు వస్తే లేదు. ఆ లెక్కన ఇప్పటికే ముగ్గురు పెళ్లికొడుకులు సత్తుపల్లి బస్టాండుకు ఉసూరుమంటూ తిరిగి వెళ్లారు.

ఇప్పుడు ఉదయ్ భాస్కర్ వంతు. జూనియర్ కాలేజీలో అతను గణితం చెబుతాడు; అతను మనసిచ్చిన పద్మప్రియ, పిచ్చయ్య గారి కూతురు, అక్కడే వృక్షశాస్త్రం చెబుతుంది. పెళ్లిచూపులకు ముందురోజు స్టాఫ్‌రూమ్‌లో ఆమెకు ధైర్యం నూరిపోశాడు. యాభై రెండు ముక్కల్లో ఎర్రవి ఇరవై ఆరు. కాబట్టి సైద్ధాంతిక సంభావ్యత సరిగ్గా సగం.

"మరి ముగ్గురికీ నలుపే వచ్చింది గదా సార్?"

"అది ప్రయోగాత్మక సంభావ్యత మేడం. మూడుసార్లతో ఏమీ తేలదు. వందలసార్లు తీస్తే సగానికి దగ్గరవుతుంది."

"అంటే వందల పెళ్లిచూపులకు నేను కూర్చోవాల్నా?" అని నిలదీసి, ఆ సంగతి తాను చూసుకుంటానని నవ్వు దాచుకుంటూ వెళ్లిపోయింది.

ఆదివారం వాన దంచికొట్టింది. పొలం పోలేక పిచ్చయ్య ముందుగానే వసారాలో పేక పరిచేశారు. టీ తెచ్చిన పద్మప్రియ అది చూసి గుమ్మంలోనే కొయ్యబారింది.

ఉదయ్ ముక్క తీశాడు. ఇస్పేటు ఎనిమిది.

"టీ తాగు బాబూ. వాన తగ్గినాకనే పో," అన్నారు పిచ్చయ్య, మర్యాదకు లోటు లేకుండా.

ఉదయ్‌ను లెక్కే ఆదుకుంది. తీసిన ముక్కను తిరిగి కలపకపోతే మిగిలిన యాభై ఒకటిలోనూ ఎర్రవి ఇరవై ఆరే కనుక అవకాశం పెరిగినట్టేనని వాదించాడు. పిచ్చయ్యకు ఆ తర్కం నచ్చింది. మళ్లీ తీస్తే కళావరు రాజు. మళ్లీ ఇస్పేటు. అవకాశం పెరుగుతూనే ఉంది. ముక్కలు మాత్రం నల్లగానే వస్తున్నాయి. ఏడో నలుపు దగ్గర అతనిలోని లెక్కల మాస్టారు మేల్కొన్నాడు.

"అంకుల్, సరైన పేకలో వరసగా ఏడు నలుపులు నూటికి ఒక్కసారైనా రావు. ఒకసారి తిరగేయండి."

తిరగేశారు. అన్నీ నలుపే. రెండు పేకల్లోని నల్ల ముక్కలను ఏరి కూర్చిన పేక అది.

పిచ్చయ్య కూతురి వైపు తిరిగారు. "ఎప్పటినుంచే?"

"మొదటి సంబంధం వచ్చినప్పటినుంచి నాన్నా."

"అందుకేనా నాకు బోరు వద్దని వస్తాంది?"

పద్మప్రియ చున్నీ చాటునుంచి ఇంకో కట్ట తీసి చాప మీద పెట్టింది. ఉదయ్ కోసం కూర్చిన ఎర్ర ముక్కల పేక. వాన మూలంగా దాన్ని మార్చే వ్యవధి దొరకలేదు.

పిచ్చయ్య ఆ కట్టను, కూతురి ముఖాన్ని చాలాసేపు చూసి, ముక్కలు కలిపి ఉదయ్ ముందు పరిచారు.

"ఇప్పుడు ఎరుపు వచ్చే అవకాశం ఎంత?"

"ఒకటి, అంకుల్. నిశ్చిత ఘటన."

"అయితే తియ్యి."

తీశాడు. జోకర్.

ఏరేటప్పటి తొందర గుర్తొచ్చి పద్మప్రియ తల పట్టుకుంది. ఉదయ్‌కు తాను చదివిన శాస్త్రం మీదే నమ్మకం సడలింది.

పిచ్చయ్య మాత్రం ఆ ముక్కను తీసుకుని జేబులో పెట్టుకున్నారు. "రమ్మీలో జోకర్ ఏ ముక్క తక్కువైనా సరిపెడతది. కూర్చో అల్లుడూ, టీ చల్లారుతాంది. తాగినాక నా బోరు సంగతి కూడా చూద్దాం. ఆ ఎర్ర పేకనే ఉంచు."