ఆయన దగ్గర మిగిలిన మాటలు

పొద్దున్నే కిటికీ తెరలు పక్కకు లాగి, పిచ్చుక తన తండ్రి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నలభై దాటిన మనిషికి పిచ్చుక ఏమిటని నవ్వకండి. పసితనంలో గుక్క తిప్పుకోకుండా వాగేదని తండ్రి పెట్టిన ముద్దుపేరు అది. ఇంట్లో ఇంకో పేరుతో పిలిస్తే ఆమె పలకదు కూడా. ఆ పేరు ఆయన నోట మళ్ళీ ఒక్కసారి వినాలని ఆమె పంతం. ఆ పంతంతోనే ఆసుపత్రి ఉద్యోగానికి సెలవు పెట్టి పుట్టింటికి వచ్చి కూర్చుంది.

"నాన్నా, ఇదేంటి?" అంటూ కప్పు బొమ్మ ఉన్న అట్టముక్క చూపించింది.

పెద్దాయన దాని వంక తేరిపార చూశాడు. పెదవులు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. "క... క..." అని ఆగిపోయి, అట్టముక్కను విసురుగా తోసేశాడు.

"పర్లేదు నాన్నా. 'క' వచ్చింది కదా, మిగతాది వెనకాలే వస్తుందిలే."

ఒకప్పుడు ఆయన మైకు పట్టుకుంటే జనం వానలో కూడా కదిలేవాళ్ళు కాదు. ఏళ్ళ తరబడి పార్టీని మోసింది ఆ గొంతే. మెదడులో నరం చిట్లి కుడి చెయ్యి, మాట ఒకేసారి పడిపోయాయి. అలా మాట పోయినవాళ్ళకు మాట నేర్పడమే పిచ్చుక వృత్తి. ఎవరెవరికో నేర్పిన మనిషికి సొంత తండ్రి దగ్గర మాత్రం తల ప్రాణం తోకకు వస్తోంది.

అంతలో అన్నయ్య రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చాడు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఒసేయ్ పిచ్చుకా, నీ బొమ్మలు కట్టిపెట్టు. నాన్నకి మాటొచ్చేసింది!"

"ఎప్పుడు? ఎవరితో మాట్లాడారు?"

"నిన్న సాయంత్రం నువ్వూ అమ్మా బయటికెళ్ళినప్పుడు బాల్కనీలో కూర్చోబెట్టాం. కింద మనవాళ్ళు నినాదాలు మొదలెట్టారు. అంతే! చెయ్యెత్తి 'నా ప్రియమైన సోదర సోదరీమణులారా' అన్నారు చూడు, ఒక్క అక్షరం తడబడితే ఒట్టు! అందరూ ఏడ్చేశారనుకో. ఇవాళ సాయంత్రమే సభ పెట్టించాను. నాన్న జనాన్ని పలకరిస్తారు, నా చెయ్యి పైకెత్తి పట్టుకుంటారు. నా టికెట్టుకి ఇక తిరుగుండదు."

పిచ్చుక కుర్చీలోంచి లేచింది. "అది మాట కాదన్నయ్యా. అనీ అనీ నోటికి అలవాటైపోయిన పలుకు. మెదడు దెబ్బతిన్నా అలాంటివి మిగిలిపోతాయి. కొందరికి అంకెలు మిగులుతాయి, కొందరికి తిట్లు మిగులుతాయి. మొదలైతే ఆపుకోవడం కూడా వాళ్ళ చేతిలో ఉండదు. అంతమంది ముందు నాన్నని నవ్వులపాలు చెయ్యకు, నీకు దణ్ణం పెడతాను."

"అబ్బో, వచ్చిందమ్మా పెద్ద డాక్టరు! నువ్వు ఏ పనిలో నిలబడ్డావని నీ మాట వినాలి? నల్లకోటు వేశావు, విప్పేశావు. రేడియోలో చేరావు, మానేశావు. కేకుల దుకాణం పెట్టావు, మూసేశావు. ఇది ఎన్నాళ్ళ ముచ్చటో!"

నిలబడలేదన్న మాట నిజమే మరి. కోర్టులో ఆమె నోరు తెరవకముందే ఎదుటి వకీలు రాజీకి వచ్చేవాడు. గెలిపించింది తన వాదనో, తండ్రి పేరో ఆమెకే తెలిసేది కాదు. రేడియోలో తప్పు చదివినా "అద్భుతం మేడమ్" అనేవాళ్ళు. కేకు కొనడానికి వచ్చినవాడు కేకు మర్చిపోయి తన బదిలీ సంగతి ఎత్తుకునేవాడు. ఇంటికొస్తే తండ్రి నిలకడ లేని పిల్ల అని విసుక్కున్నాడే తప్ప, ఎందుకు మానేశావమ్మా అని ఒక్కనాడూ పక్కన కూర్చుని అడగలేదు. ఆయనకు అంత తీరిక జనం ఎప్పుడు మిగిల్చారు గనక!

"ఇది మాత్రం మానను," అంది పిచ్చుక. "మాట రానివాళ్ళు సిఫార్సు అడగరన్నయ్యా. నేను ఎవరి కూతుర్నో వాళ్ళకి అక్కర్లేదు."

మందు బిళ్ళ, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని తల్లి లోపలికి వచ్చింది. "పొద్దున్నే ఏంట్రా మీ గోల? ఆయన్ని స్థిమితంగా ఉండనివ్వరా?"

"నువ్వే చూసి చెప్పమ్మా, మాటొచ్చిందో లేదో," అంటూ అన్నయ్య బాల్కనీ తలుపు బార్లా తెరిచాడు. గేటు దగ్గర గుమిగూడిన కార్యకర్తలు ఒక్కసారిగా నినాదాలు అందుకున్నారు.

పెద్దాయన వీపు నిటారుగా లేచింది. ఎడమ చెయ్యి గాల్లోకి వెళ్ళింది. "నా ప్రియమైన సోదర సోదరీమణులారా!"

అదే గొంతు. గది అదిరిపోయింది. చూశావా అన్నట్టు అన్నయ్య చెల్లెలి వంక చూశాడు.

తల్లి ఆశగా దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ, ఇటు చూడండి. మందు వేసుకుంటారా?"

"మీ గడపకు నీళ్ళు తెచ్చే పూచీ నాది!"

"నీళ్ళు నేను తెచ్చానండీ, ఇవిగో..."

"రోడ్డు వేసే పూచీ నాది! బడి కట్టే పూచీ నాది!"

తల్లి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దాయన ఎడమ చేత్తో తన నోరు తానే మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి వాగ్దానాలు వస్తూనే ఉన్నాయి. ఆయన కళ్ళు మాత్రం ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి పరిగెడుతున్నాయి. ఆ కళ్ళ నిండా భయం.

"ఆయనకి తెలుస్తోందిరా!" తల్లి బావురుమంది. "అనాలనుకున్నది ఒకటి, నోటికొచ్చేది ఇంకోటి అని ఆయనకి తెలుస్తోందిరా నాయనా! ముందా తలుపు వెయ్యి!"

తలుపు మూశాక కూడా ఆ ఉపన్యాసం కాసేపు సాగి, మెల్లగా సన్నగిల్లి ఆగింది. అన్నయ్య ఇస్త్రీ బట్టలతోనే తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"నిన్న నేను చప్పట్లు కొట్టాను పిచ్చుకా. ఆపుకోలేకపోతున్నారని తెలీక, ఇంకా ఇంకా అని అరిచాను."

"నీకెలా తెలుస్తుంది?" పిచ్చుక అతని భుజం మీద చెయ్యి వేసింది. "నాన్న మనతో మాట్లాడింది ఎంత, మైకులో మనం విన్నది ఎంత? తేడా కనిపెట్టడానికి మన దగ్గర ఏముందని?"

అన్నయ్య మొహం తుడుచుకుని లేచాడు. మోగుతున్న ఫోను ఎత్తి, "సభ లేదు. నాన్న రారు. టికెట్టు పోతే పోనీండి," అని పెట్టేసి, గేటు దగ్గరివాళ్ళకు చెప్పడానికి కిందికి దిగాడు. తడి తువ్వాలు తెస్తానంటూ తల్లి బయటికి వెళ్ళింది.

గదిలో తండ్రీకూతుళ్ళే మిగిలారు. ఆయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఏదో చెప్పాలి. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"మీరే నా బలం," అన్నాడు. "మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను."

ఏ సభనైనా ఆయన ముగించేది ఆ మాటలతోనే. చిన్నప్పుడు పిచ్చుక వేదిక వెనక తల్లి ఒళ్ళో నిద్రకు జోగుతూ వినేది. ఊరందరికీ చెప్పే మాట తమకు ఒక్కసారి చెబితే ఈయన సొమ్మేం పోయిందని ఉడుక్కునేది.

అనేసి, ఇది కాదు, ఇది కాదు అన్నట్టు ఆయన మంచాన్ని పిడికిలితో గుద్దాడు. కన్నీళ్ళు కారిపోతున్నాయి. కూతురికి ఇవ్వడానికి అందరికీ పంచిన మాటలు తప్ప ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

పిచ్చుక ఆ పిడికిలి అందుకుంది. "నాకేనా నాన్నా? నాతోనే అన్నారా?"

ఆయన తల ఊపాడు.

ఇలాంటివాళ్ళు తల ఊపినంత మాత్రాన అవునని నమ్మకూడదు, ప్రశ్న తిరగేసి ఇంకోసారి అడగాలి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠం అదే. పిచ్చుక ఇంకోసారి అడగలేదు. ఆయన అరచేతిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.