ఆపరేషన్ సిలికా జెల్

"ఈ సీసా వైజాగ్ చేరకపోతే మలేరియా మందు మన చేజారిపోతుంది," అన్నాడు ఫోన్‌లో చీఫ్. "ఎక్స్-రేతో క్రిస్టల్ నిర్మాణం ముందు తేల్చినవాళ్ళదే పేటెంట్. విదేశీ ముఠా అరకులోనే ఉంది."

"యస్ సర్," అన్నాడు కాఫీ వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ సురేంద్ర.

అరకు ల్యాబ్‌లో సైంటిస్టు మాధవి సీసా అందించింది. కాస్త ద్రావణం, అందులో తళతళలాడే క్రిస్టల్.

"జాగర్త సార్. నైట్రోజన్ ఉన్న ఉంగరాల్లాంటి అణువులివి. వాటి మధ్య నీటి అణువులుంటాయి. హైడ్రోజన్ బంధాలతో అవే అన్నిటినీ పట్టి ఉంచుతాయి. తడి ఆరిందంటే మొత్తం కూలిపోద్ది."

సురేంద్ర తలూపాడు. చెవికెక్కితేగా! చూపంతా తోటి ఏజెంట్ జయశ్రీ మీద, ఆమె నల్ల కళ్ళజోడు మీద. కొండ చెమ్మ నుంచి కెమెరాని కాపాడే పద్ధతొకటి డిపార్ట్‌మెంట్‌లో నేర్పారు. అదే పాటించాడు. ద్రావణం ఒంపేసి, మూత తీసిన సీసాను తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మధ్య ఒక పెట్టెలో పెట్టి సీలు చేశాడు. జీపులో అనంతగిరి వైపు వెళ్తూ, పెట్టె ఎక్కడ దాచాడో గొప్పలు పోతూ చెప్పేశాడు కూడా.

"ఎంత తెలివైనవారండీ!" అంది జయశ్రీ.

బొర్రా దగ్గర టీ తెచ్చేసరికి ఆమె లేదు. పెట్టె కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోతూ సురేంద్ర స్టేషన్‌కి పరుగెత్తాడు.

"ఏటి బాబూ ఎతుకుతన్నావు?" అంది జామపళ్ళమ్మే చిట్టెమ్మ. "నల్ల కళ్ళజోడు గుంటేనా? సివరి పెట్టెలో ఎక్కినాది. బేగి ఎల్లు!"

కదులుతున్న రైల్లోకి దూకాడు. లోపల ఒక విదేశీయుడు పాకెట్ మైక్రోస్కోప్‌తో సీసాలోకి చూసి జయశ్రీ మీద మండిపడుతున్నాడు. "ఇది పౌడర్! నన్నే మోసం చేస్తావా?" క్రిస్టల్ బాగుంటే వాడు రైలు కదలకముందే అవతలి వైపు దిగి కారులో మాయమయ్యేవాడే. జయశ్రీతో పెనుగులాటలో పడి, సురేంద్ర పిస్టల్ తీసేదాకా వాడు అతన్ని చూడనేలేదు.

ఇద్దరూ దొరికిపోయారు. సీసా తిరిగి మాధవి చేతికొచ్చింది.

"ఎండబెట్టేశారా?" అందామె.

తిట్టినా బాగుండేది. సురేంద్ర నేల చూపులు చూశాడు.

"పదార్థం పోలేదు లెండి. నీళ్ళలో కరిగించి మళ్ళీ క్రిస్టల్ పెంచుతాను. ఈసారి నేనే పట్టుకెళ్తాను."

చీఫ్‌కి సురేంద్ర ఉన్నదున్నట్టు చెప్పాడు.

"సిలికా జెల్‌తో వలేశావన్నమాట! బ్రిలియంట్!"

"కాదు సర్, అది నా తప్పు..."

"రిపోర్ట్ పైకి వెళ్ళిపోయింది. ఇక నోరు మూసుకో."

మెడల్ మెళ్ళో వేస్తున్నంతసేపూ సురేంద్ర తలెత్తలేదు. ఎంత వినయమో అంటూ హాలంతా చప్పట్లు కొట్టింది.