కొంగు ముడిలో బిళ్ళ

తెల్లారి వాకిలి ఊడ్చాక సన్యాసమ్మ నీళ్ల డబ్బా వంచి గ్లాసు నింపింది. కొంగు ముడి విప్పి, నొప్పి బిళ్ళ ఒకటి తీసి, అరుగు మీద భుజం పట్టుకుని కూర్చున్న కొడుకు ఉమామహేష్ చేతిలో పెట్టింది.

"మింగీ నాయినా. సాయంత్రం ఫైనల్స్ కదా."

వాడు గ్లాసు అందుకున్నాడు గానీ తల్లి మొహం చూడలేదు. బిళ్ళ గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఉద్దానంలో నీళ్లంటే భయం లేని ఇల్లు లేదు; కిడ్నీలు తినేసేది బావి నీళ్లేనని అందరి నమ్మకం. భర్త పోలారావు కిడ్నీలు పాడై చనిపోయిన దగ్గర్నుంచి సన్యాసమ్మ కొడుకును బావి నీళ్లతో పుక్కిలించనివ్వలేదు. ఇంట్లో కూర లేని పూట ఉంది గానీ డబ్బా నీళ్లు లేని పూట లేదు. ఉన్న ఒక్క కొడుకునీ కళ్లలో పెట్టుకుని కాచుకుంటున్నానని ఆవిడ ధీమా.

ఆ కొడుకు కబడ్డీ ఆటగాడు. అయితే కూతకు వెళ్లడు, పాయింట్లు తేడు. భాస్కరరావు నడిపే జట్టులో త్రినాథ్ అని పేరున్న కూతగాడు ఉన్నాడు. వాణ్ని ఎవడైనా మోటుగా కొడితే, ఆ కొట్టినవాడు కూతకొచ్చినప్పుడు ఎత్తి నేలకేసి కొట్టడం ఉమామహేష్ పని. జీతమిచ్చేదే అందుకు. ఇచ్ఛాపురం నుంచి కోటబొమ్మాళి దాకా జనం త్రినాథ్ ఆట చూడ్డానికి వచ్చి ఉమామహేష్‌కి ఈలలు వేసేవారు. సంతలో "గుద్దుడు మహేషు తల్లి" అని దారి ఇస్తుంటే సన్యాసమ్మకు కడుపు నిండిపోయేది. వంకర పోయిన వాడి వేళ్లూ, కుట్లు పడ్డ కనుబొమా ఆవిడ కళ్లకు పతకాల్లా కనబడేవి. తల్లి మనసు అంత గుడ్డిది, ఏం చేస్తాం.

కోడలు హిమజ ఆ పూట జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లలేదు. నిన్న తనకు పంటి నొప్పని అత్తకు చెప్పి మొగుణ్ణి పలాస తీసుకెళ్లి వచ్చింది. భాస్కరరావు జీపు ఇంటి ముందు ఆగగానే గబగబా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆయన రాడన్నయ్యా."

సన్యాసమ్మకు ఒళ్లు మండింది. "నువ్వెవులివే రాడనడానికి? ఆడి నోట్లో నాలిక నేదా?"

"నువ్వూరుకో అత్తా. ఈయన కాళ్లు వాసిపోనాయి, సూసినావా? నిన్న రగతం పరీక్ష సేసినారు. క్రియాటిన్ పెరిగిపోనాది."

ఆ మాట సన్యాసమ్మకు కొత్త కాదు. పోలారావు మంచం పక్కన కూర్చుని రోజూ విన్నదే.

"అదెలగే? డబ్బా నీళ్లే కదా తాగుతన్నాడు? సుక్క బావి నీళ్లు తాగనివ్వనేదే నాను."

"నీళ్లు కాదత్తా. బిళ్ళలు. రోజూ మింగే ఆ నొప్పి బిళ్ళలే పాడు సేసేసినాయన్నారు. ఇంకా మింగితే మావయ్య దారేనంట."

సన్యాసమ్మ చెయ్యి కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది. తన చేత్తో, తనే, ఇన్నేళ్లూ. ఆవిడ అరుగు మీద కూలబడిపోయింది.

"అమ్మనేటీ అనకు," అన్నాడు ఉమామహేష్ నెమ్మదిగా. "అడిగి మింగినోణ్ణి నాను. మంచిది కాదని జట్టులో సెప్పినారు కూడా."

"మరి నాకు సెప్పనేదేట్రా?"

"సెప్తే ఇయ్యవు కదమ్మా. అయి నేకపోతే సెయ్యి లెగదు. సెయ్యి లెగకపోతే నన్నెవులు పిలుత్తారు?"

భాస్కరరావు చెడ్డవాడు కాదు. కానీ సాయంత్రం ఆట ఉంది.

"ఆడక్కర్నేదు అత్తా. ఊరికే కోర్టులో నిలబడితే సాలు. ఆణ్ణి సూత్తే అవతలోళ్లు త్రినాథ్ మీద సెయ్యెయ్యరు. ఇదొక్క ఆటే."

సన్యాసమ్మ లేచింది. కోడల్ని పక్కకు జరగమనలేదు. వెళ్లి ఆ పిల్ల పక్కనే నిలబడింది.

"మీ కుర్రోడికి దెబ్బ తగలకుండా నా కొడుకు అడ్డం ఉన్నాడు బాబూ. నా కొడుక్కి అడ్డం ఎవులున్నారు?"

భాస్కరరావు ఉమామహేష్ వైపు చూశాడు.

"వెళ్లు బావా," అన్నాడు వాడు. "నా వల్ల కాదు."

జీపు వెళ్లిపోయింది. ఉమామహేష్ గుప్పిట విప్పాడు. చెమటకు బిళ్ళ కరిగి అరచేతికి అంటుకుంది. హిమజ తడిగుడ్డతో దాన్ని తుడిచేసింది. సన్యాసమ్మ ముడిలో మిగిలినవి తీసి పెంటకుప్పలో పారేసి వచ్చింది.

పొద్దెక్కేసరికి నొప్పి ముదిరింది. ఉమామహేష్ భుజం పట్టుకుని ముందుకు వంగిపోయాడు. సన్యాసమ్మ చెయ్యి అలవాటుగా కొంగు దగ్గరకు వెళ్లి, ముడి దొరక్క ఆగింది. హిమజ ఉప్పు మూట కాచి తెచ్చింది. దాన్ని అత్త చేతికిచ్చి, తను మొగుడి వీపు పట్టుకుంది. మూట భుజానికి తగలగానే వాడు పెద్దగా మూలిగాడు.

జనం ఈలలు సన్యాసమ్మ ఎన్నోసార్లు విన్నది. కొడుకు మూలుగు ఇదే వినడం. ఇన్నాళ్లూ అది వాడి గొంతు దాటకుండా తనే రోజుకో బిళ్ళ వేసి మూసేసింది. మూట పట్టుకున్న చేతి మీద కళ్లనీళ్లు టపటపా రాలాయి.

"మూలుగు నాయినా," అంది. "గట్టిగా మూలుగు. నానింటాను."